సునీత నాటించిన గడ్డి

నా భార్య సునీతకు భయం ఎక్కువ. ఉరిమితే ఇంట్లో తలుపులన్నీ వేసేది. మూసీ వంతెన మీద బస్సు పోతుంటే కళ్లు మూసుకునేది. సూది పట్టుకున్నప్పుడు మాత్రం ఆమె చెయ్యి వణకడం నేను చూడలేదు. మునగాల దాటాక రోడ్డు దిగితే వచ్చే ఒక ఊళ్లో ఆమె టీకాలు వేసే ఏఎన్ఎంగా చాలా ఏళ్లు పనిచేసింది. నేను కోదాడలో తెలుగు పంతులును. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమెను తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ ఊరి ఆరోగ్య సబ్‌సెంటర్ ముందరి గడ్డి.

ఆమె అక్కడికి వెళ్లేసరికి ఆ ముందరి జాగా తోట అని చెప్పుకునేలా లేదు. ఎవరో ఎప్పుడో నాటిన మందారాలు ఎండి పుల్లలయ్యాయి. వాటి చుట్టూ వయ్యారిభామ కలుపు నడుము ఎత్తు పెరిగింది. లాన్ వేశామన్న చోట చిరిగిన చాపలు పరిచినట్టు అక్కడింత ఇక్కడింత గడ్డి, మిగతాదంతా బోడినేల. బుధవారం టీకాలకు వచ్చే తల్లులు పిల్లలను ఎత్తుకుని ఎండలో నిలబడేవాళ్లు. వాళ్లు కూర్చోవడానికి కాస్త పచ్చిక కావాలని సునీత పట్టుబట్టింది.

దానికి పైసా ఇచ్చేవాళ్లు లేరు. పక్క పొలం మట్టయ్య తన ట్రాక్టర్‌తో చెరువు మట్టి తోలాడు. నేరేడుచర్ల మిల్లు నుంచి ఊక బూడిద ఊరికే వచ్చింది. గడ్డి కోసం నర్సరీకి పోలేదు. టీకాలకు వచ్చే ఆడవాళ్లే గట్ల మీది గరికను వేళ్లతో సహా పీకి తెచ్చారు. నేలను బాగా తడిపి, నడుము వంచి, వెనక్కి నడుస్తూ అచ్చం వరి నాటు వేసినట్టే నాటేశారు.

"పొలంల గీ గడ్డి పీకితె కూలి ఇస్తరు. ఈడ నాటితె ఏమిస్తవ్ సిస్టరమ్మా?" అని తండా నుంచి వచ్చిన రంగి అడిగింది.

"సూది ఇస్తా," అంది సునీత.

వానలకు గరిక అల్లుకుంది. కొన్నిచోట్ల మాత్రం వెలిసిపోయినట్టు ఉండేది. నీళ్లలో యూరియా కలిపి కొడితే ఎత్తుకుంటుందని మట్టయ్య తన మందు కొట్టే పంపు ఇచ్చాడు. మంగళవారం సాయంత్రం సునీతే దాన్ని వీపున వేసుకుని కొట్టింది.

మర్నాడు రంగి కోడలు నీలా, ఏడాదిన్నర కూతురు వర్షిణికి టీకా వేయించింది. ఏడుస్తున్న పిల్లను గడ్డి మీద కూర్చోబెడితే అది ఏడుపు ఆపి గుప్పెడు గరిక పీకి నోట్లో పెట్టుకుంది. నీలా వేలు పెట్టి దొరికినంత తీసింది. మేకపిల్ల అని అందరూ నవ్వారు. సునీత కూడా నవ్వింది.

గురువారం పొద్దున చూస్తే గడ్డి చారలు చారలుగా మాడిపోయి ఉంది. యూరియా ఎక్కువైందనుకుంది. పంపు తీసుకుపోవడానికి వచ్చిన మట్టయ్య ఆ చారలు చూసి, వంగి మాడిన గడ్డిని తడిమాడట.

"పత్తి చేన్ల గడ్డిమందు కొట్టిన పంపు సిస్టర్. కడిగిన. రెండుమార్లు తొలిసిన," అన్నాడు.

ఆ మందేమిటో ఆమెకు బాగా తెలుసు. అది తాగినవాళ్లను అంబులెన్స్ ఎక్కించిన మనిషి. మొదట నోరు పూస్తుంది. తర్వాత మనిషి బాగానే మాట్లాడతాడు, లేచి కూర్చుంటాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఊపిరి అందదు. విరుగుడు లేదు.

నాకు ఫోన్ చేసి బండి తీసుకుని రమ్మంది. ఎందుకో చెప్పలేదు. దారిలో చెప్పింది.

తండాలో నీలా లేదు. ఆమె మొగుడు మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనిచేస్తాడు. ముందురోజు సాయంత్రమే పిల్లను తీసుకుని అక్కడికి పోయిందని రంగి చెప్పింది. ఫోన్ కలవలేదు. ఏమైందని రంగి అడిగితే సునీత ఏదీ దాచలేదు.

"నీ గడ్డి పచ్చగుండాలని నా మన్మరాలికి మందు వెడ్తివా," అంది రంగి. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

నేరేడుచర్ల మీదుగా పోయాం. సునీత తొందరగా పోండి అనేది. కాసేపటికి మెల్లగా పోండి అనేది. దారికి రెండు పక్కలా కొత్తగా నాటిన వరి పచ్చగా ఉంది. ఆ పచ్చదనం చూడలేక తల నా వీపుకు ఆనించుకుంది.

మిల్లు వెనక గదిలో వర్షిణి తల్లి ఒళ్లో పడుకుని ఉంది. ఒళ్లు కాలిపోతోంది. పొద్దుటి నుంచి పాలు కూడా తాగలేదని నీలా చెప్పింది. ఆ టీకాకు జ్వరం వస్తుంది, భయపడకండి అని ప్రతి తల్లికీ సునీతే చెప్తుంది. ఆ రోజు ఆ మాట ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. ఫోన్ లైటు వేసి పిల్ల నోరు తెరిచింది. ఆమె చేతులు వణుకుతున్నాయి. నాలుక అంచున ఎర్రటి చుక్క ఒకటి కనిపించింది. పుండో, పన్ను గీసుకుందో తెలియలేదు.

నీలాకు జరిగింది చెప్పి, అప్పటికప్పుడు ఆటో మాట్లాడి సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాం. అది పన్ను గీసుకున్న గాయంలాగే ఉందని, రక్తపరీక్ష బాగానే ఉందని, అయినా కొన్నాళ్లు చూడాలని డాక్టర్ అన్నాడు. మర్నాటికి జ్వరం దిగింది. పిల్ల బిస్కెట్ అడిగితే నీలా ఏడ్చుకుంటూనే నవ్వింది. సునీత నవ్వలేదు. బాగున్నట్టు కనిపించడమే ఆ మందు పద్ధతి.

నీలా పిల్లతో తండాకు తిరిగొచ్చాక, సునీత రోజూ డ్యూటీకి ముందు అక్కడికి వెళ్లేది. రంగి ఆమెను గుమ్మం తొక్కనిచ్చేది కాదు. నీలా పిల్లను బయటికి తెస్తే, నిలబడే దాని పక్కటెముకలు ఎలా ఎగసిపడుతున్నాయో చూసి వచ్చేది. రెండోసారి పరీక్ష చేసి ఇక ఏమీ లేదని డాక్టర్ చెప్పాక కూడా మానలేదు. పిల్ల ఊపిరి తనకు నిద్రలో వినిపిస్తోందని ఒకసారి నాతో అంది.

గడ్డినంతా పైమట్టితో సహా తవ్వి గుంటలో పూడ్చింది. మళ్లీ గరిక తెచ్చి నాటింది. ఈసారి ఎవరినీ పిలవలేదు, నీళ్లు తప్ప ఏదీ పడనివ్వలేదు. మట్టయ్య గట్టు మీద పంపుతో కనిపిస్తే కిటికీలు మూసేది. గడ్డిలో ఖాళీలు అలాగే ఉండిపోయాయి. తల్లులు గోడ నీడన నిలబడేవాళ్లు. కూర్చోమని ఆమె ఎవరినీ అడగలేదు.

ఆ చలికాలంలో ఒక బుధవారం నేను అక్కడే ఉన్నాను. ఆడబిడ్డ పిల్లకు టీకా అని నీలా వచ్చింది. వెంట వర్షిణి. ఆ పిల్ల తల్లి చెయ్యి విడిపించుకుని గడ్డిలోకి ఉరికి చతికిలబడింది. సునీత చేతిలో సూది ట్రేలో పడేసి పరుగెత్తింది. పిల్లను ఎత్తుకుని వేలితో నోరు తెరిచి చూసింది. ఏమీ లేదు. పిల్ల దిగుతానని కాళ్లు తన్నుకుంటోంది.

"ఏం తినలే సిస్టర్. దించు, ఆడుకోనియ్యి," అంది నీలా.

సునీత దించలేదు. నీలా కాసేపు చూసి, తనే వచ్చి గడ్డి మీద కూర్చుని చేతులు చాపింది. అప్పుడు సునీత ఆమె పక్కనే కూలబడి పిల్లను ఆమె ఒళ్లో పెట్టింది. తన చేత్తో పిల్ల రెండు పిడికిళ్లూ పట్టుకునే ఉంది.