ఖోర్‌లో కొర్రమట్ట

ఆ రోజుల్లో నాకు రాని పని లేదు. అంటే అన్నీ వచ్చని కాదు, రాదని చెప్పడం రాదు. సౌదీలోని జుబైల్‌లో దిగిన కొత్తలో, ఫ్యాక్టరీ ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనుల్లో ఫిట్టర్ల వెనక స్పానర్లు మోసే హెల్పర్‌గా ఉన్నప్పుడు, ఎవరు ఏది అడిగినా ‘నాకొస్తది’ అని ముందుకు దూకేవాణ్ణి. మొన్న ఫోన్‌లో ఒక వీడియో చూస్తే అదంతా గుర్తొచ్చింది. ఎక్కడో తెల్లవాళ్ల దేశంలో, సముద్రపు పోటుకు ఎక్కి దిగే నదుల్లో మన కొర్రమీను (మా వైపు కొర్రమట్ట అంటాం) ఎలాగో చేరిందట. పిల్లాపాపలతో వర్ధిల్లి, అక్కడి చేపలన్నిటినీ మింగేస్తోందట. పట్టినవాళ్లు దాన్ని మళ్లీ నీళ్లలో వదలకూడదట. కొర్రమీనును పగవాడిలా చూసే దేశం ఒకటుందని తెలిసి ఉంటే మా మామ ఆ రోజే అక్కడికి వీసా వెతికేవాడు. నేను ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే గదిలోని కుర్రాళ్లు ఏమైందన్నారు. ఉప్పునీటి పాయలో కొర్రమీనుకు గాలం వేయడంలో ఆ తెల్లవాళ్లకంటే మేమే ముందున్నామని, కాకపోతే మా పాయలో కొర్రమీను లేదని వాళ్లకు ఎలా చెప్పను?

మామ అంటే మా అమ్మకు వరసకు తమ్ముడు. జగిత్యాల దగ్గర మా పక్క ఊరాయన. ఫిట్టర్లకు మేస్త్రీ, మా గదికి పెద్ద దిక్కు. ఆయన కేకేస్తే బోల్టులు వాటంతటవే బిగుసుకుంటాయని క్యాంపులో అనుకునేవారు. ఆయనకు ఒక్కతే కూతురు. ఆ పిల్లను నేను ఒక పెళ్లిలో చూశాను. (ఆమె నన్ను చూడలేదు, వడ్డించే హడావుడిలో ఉంది. నా విస్తట్లో మాత్రం రెండుసార్లు పప్పు వేసింది.) ఆ పప్పు తిన్నప్పటి నుంచీ మామ దగ్గర మంచివాడిగా మెలగాలని నా తాపత్రయం. ఆయన చొక్కా ఉతికాను, ఆయన చెప్పే పాత కథలకు కొత్తగా నవ్వాను. ఆయన మాత్రం నన్ను హెల్పర్‌గానే చూశాడు.

ఆ ఏడు మిరుగం శుక్రవారం వచ్చింది. మృగశిర కార్తె మొదలయ్యే ఆ రోజు మా వైపు ఇంటింటా చేప వండాల్సిందే. గదిలో ఎవరో బకాలా (కిరాణా కొట్టు) నుంచి ఫ్రీజర్ చేప తెద్దామన్నారు. మామకు కోపం ముంచుకొచ్చింది.

“ఐస్‌ల పెట్టిన చాప చాపనా? గది పీనుగ. మిరుగం నాడు కొర్రమట్ట తినాలె. గా కొర్రమట్ట తినిపిచ్చినోనికి నా బిడ్డనిస్త, పోండ్రి!”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. “కొర్రమట్ట వట్టుడు నాకొస్తది మామా” అన్నాను. నిజానికి చిన్నప్పుడు మా చిన్నాయన కప్పపిల్లను గాలానికి గుచ్చి కొర్రమట్టలు పడుతుంటే, నేను బకెట్ పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. అంతే నా అనుభవం. ఇక ఈ ఎడారిలో కొర్రమట్ట ఎక్కడుంటుందని కంపెనీ బస్సు నడిపే పఠాన్‌ని (మేమంతా లాలా అనేవాళ్లం) అడిగాను. చేప పేరు ఆయనకేం తెలుస్తుంది, నల్లగా ఉంటుందని, బురదలో ఉంటుందని చేతులతో చూపించాను. లాలా గడ్డం నిమురుకుని, “ఖోర్ మే మచ్లీ బహుత్ హై” అన్నాడు. నా చెవికి అది ‘కొర్రమచ్లీ బహుత్ హై’ అని వినిపించింది. ఖోర్ అంటే అరబ్బీలో సముద్రపు పాయ అని, పాయలో చేపలు బోలెడున్నాయని మాత్రమే ఆయన అన్నాడని అప్పుడు నాకు తెలిస్తే కదా! ఒక్క పరుగున గదికొచ్చి, “మామా, ఈడ గూడ కొర్రమట్టలున్నయట! లాలా పేరు వెట్టి మరీ చెప్పిండు” అన్నాను. మామ అప్పటికప్పుడు చింతపండు నానబెట్టాడు.

శుక్రవారం మధ్యాహ్నం దాటాక లాలా మమ్మల్ని ఆ ఖోర్ దగ్గర దింపాడు. పొట్టి పొట్టి మడచెట్లు, వాటి మధ్య నడుంలోతు నీళ్లు. మామ చెయ్యి అడ్డం పెట్టుకుని నాలుగు దిక్కులా చూశాడు.

“చెరువు మంచిగనే ఉన్నది. మరి కట్ట ఏడున్నదిరా?”

“ఆవలి దిక్కున్నట్టుంది మామా.”

మామ దోసెడు నీళ్లు పుక్కిలించి ఉమ్మేశాడు. “ఉప్పగున్నయేందిరా?”

“మన క్యాంపుల నల్లా నీళ్లు తియ్యగున్నయా మామా?” అన్నాను. ఎరకు కప్ప కావాలి, జుబైల్ అంతా గాలించినా కప్ప దొరకలేదు. మెస్‌లో అడిగి తెచ్చిన కోడి కార్జం ముక్కలు గుచ్చి, కర్రలు పాతి, గాలాలు కట్టాం. మామ నీళ్లకు దండం కూడా పెట్టాడు. తర్వాత ఇద్దరం లాలా బండి నీడలో తువ్వాళ్లు పరుచుకుని పడుకున్నాం. లాలా బండిలో ఏసీ వేసుకుని అప్పటికే గురకపెడుతున్నాడు.

లేచి చూస్తే నీళ్లు లేవు! గాలాలు బురదలో పడి ఉన్నాయి. మామ కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు.

“ఎవడో తూము తీసిండ్రా!” అని ఒక్క అరుపు అరిచాడు. చెరువు నీళ్లు తెల్లారేసరికి తగ్గితే మా ఊళ్లో అర్థం అదొక్కటే. లుంగీ ఎగ్గట్టి, తూము మూసేద్దామని బురదలోకి దిగాడు, తొడల దాకా కూరుకుపోయాడు. ఆయన్ని లాగబోయి నేనూ కూరుకుపోయాను. మా చుట్టూ వేలెడంత చేపలు బురద మీద నడుస్తూ, ఎగురుతూ, కళ్లు మిటకరించి మమ్మల్నే చూస్తున్నాయి.

“గివ్వేనారా కొర్రమట్టలు?”

“పిల్లలు మామా. ఈ ఎండలకు ఎదగలే.”

“గీటికి కప్ప కండ్లున్నయి గదరా!”

ఇంతలో వల భుజాన వేసుకుని ఒక ముసలి అరబ్బాయన వచ్చాడు. మామ తన అరబ్బీ అంతా కూడగట్టి, “సదీక్! మోయా వేన్ రూహ్?” అన్నాడు. నీళ్లెటు పోయాయని. ఆయన మమ్మల్ని జాలిగా చూసి, చెయ్యెత్తి మా క్యాంపు వైపు పైకి చూపించి “ఖమర్” అన్నాడు. అటు పొగ గొట్టాల మీద చందమామ తెల్లగా కనిపిస్తూనే ఉంది. ఇద్దరం చూశాం, ఇద్దరికీ తట్టలేదు.

“నేననుకుంటనే ఉన్న! ఖమర్‌గాడు!” అని మామ పళ్లు కొరికాడు. ఖమర్ భాయ్ మా క్యాంపుకు నీళ్ల ట్యాంకర్ తెచ్చే హైదరాబాదీ. మామ తలకు సబ్బు రాసుకున్నప్పుడే నల్లాలో నీళ్లు ఆగిపోతాయని, అది ఖమర్ కుట్రేనని ఆయన నమ్మకం.

ముసలాయన వల తాడు అందిస్తే బురదలోంచి బయటపడి క్యాంపుకొచ్చేసరికి, గేటు దగ్గర ఖమర్ భాయ్ ట్యాంకర్ పైపు చుడుతున్నాడు. మామ బురద కాళ్లతోనే బండి దిగి మీదికి పోయాడు.

“ఖోర్ కా పానీ తుమ్ కాయ్‌కు నికాలా?” ఖోర్ నీళ్లు ఎందుకు తీశావని.

“క్యా బాతాఁ కర్‌రైఁ మామూ! మై పానీ డాల్‌నే వాలా, నికాల్‌నే వాలా నై!” నీళ్లు పోసేవాణ్ణే గానీ తీసేవాణ్ణి కాదని ఖమర్ భాయ్ గోల.

“ఆడ ముసలాయన ఖుద్ బోలా, ఖమర్ అని!”

జనం మూగారు. సంగతంతా విన్న లాలా పొట్ట పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. “చాచా, ఖమర్ తో చాంద్ హై! సమందర్ కా పానీ చాంద్ ఖీంచ్‌తా హై!” ఖమర్ అంటే అరబ్బీలో చందమామేనట, సముద్రపు నీళ్లను లాగేది ఆ చందమామేనట. గేటంతా ఒకటే నవ్వులు. నవ్వేవాళ్లలో సగం మంది మామ చేతి కింద పనిచేసే ఫిట్టర్లే. రేపు వాళ్లందరికీ ఆయన పని చెప్పాలి. మామ ముఖం చిన్నబోయింది. అంత పెద్ద మనిషి దిక్కుతోచక నా వైపు చూశాడు.

“మామ చందమామనే అన్నడు” అన్నాను గట్టిగా. “నేనే తూమన్న, నేనే ఖమర్ భాయ్ అన్న. నాకు అరబ్బీ రాదు. చాప వట్టుడు గూడ రాదు.”

నలుగురిలో ‘నాకు రాదు’ అనడం నా జన్మలో అదే మొదలు. నవ్వులన్నీ ఒక్కసారిగా నా మీదికి మళ్లాయి. ఆ పూటే నాకు ‘తూము’ అని పేరు పడింది. ఖమర్ భాయ్ నవ్వీ నవ్వీ, తన గది నుంచి హమూర్ చేప తెచ్చిచ్చాడు. నానిన చింతపండు వృథా పోలేదు. మామ తలెత్తకుండా తిని, చెయ్యి కడుక్కుని, వరండాలోకి వెళ్లి ఇంటికి ఫోన్ చేశాడు. నేను గిన్నెలు తోముతూ చెవులు అటే వేశాను.

“కొర్రమట్ట దొరకలేదే. పిలగాడు దొరికిండు. బిడ్డను అడుగు, దానికి ఇష్టమైతే మాట్లాడుదం” అన్నాడు. నా చేతిలో గిన్నె జారి పడింది.

మామ ఎప్పుడో ఫైనల్ ఎగ్జిట్ వీసా మీద, ఇక తిరిగిరాకుండా వెళ్లిపోయి, ఊళ్లో కావలసినప్పుడల్లా కొర్రమట్ట తింటున్నాడు. నేను ఇంకా జుబైల్‌లోనే ఉన్నాను. ఫిట్టర్నయ్యాను, మేస్త్రీనయ్యాను, కుర్రాళ్లకు మాత్రం ‘తూమన్న’నే. పున్నమి వస్తే నా భార్య (రెండుసార్లు పప్పు వేసిన ఆ పిల్లే) ఊరి నుంచి ఫోన్ చేస్తుంది. “మీ ఖమర్ భాయ్ మన వాకిట్లకు వచ్చిండు, ఆడ నీళ్లున్నయా, తీసుకపోయిండా?” అంటుంది. నేను కిటికీలోంచి చూస్తే, ఆ చందమామే ఇక్కడా పొగ గొట్టాల మీద నిలబడి ఉంటాడు. బురదలో తొడల దాకా దిగబడి, ఏదీ రాని ఆ పిల్లాడు గుర్తొస్తాడు. వాణ్ణి చూస్తే నాకు నవ్వొస్తుంది, కొంచెం బెంగగానూ ఉంటుంది. “ఈసారి సెలవుకు వచ్చినప్పుడన్న కొర్రమట్ట వట్టుకొస్తవా?” అని ఆమె అడిగితే, ఇప్పటికీ నా నోట వచ్చేది ఒక్కటే మాట.

“నాకొస్తది.”