కొక్కెం బాబాయి

అందరూ నగలో బంగారం చూస్తే, బాబాయి కొక్కెం చూస్తాడు. నగల కొట్టు పెట్టిన నాటి నుంచీ ఆయనకు అదే పిచ్చి. అసలు పేరు వీధి ఎప్పుడో మరిచిపోయింది. "కొక్కెం బాబాయి కొట్టెక్కడ?" అంటే మాత్రం పసిపిల్లలు కూడా వేలు చూపిస్తారు.

ఒకసారి టీచరమ్మ అత్తగారి గొలుసు తెచ్చింది. బాబాయి దాన్ని గీటురాయి మీద గీసి, కళ్ళజోడు పైకి తోసి, గట్టిగా నిట్టూర్చాడు.

"బంగారంలాంటి గొలుసే టీచరమ్మా! కొక్కెమే వదులు. బజారుకి వేసుకెళ్ళకండి, ఇంట్లో దాచుకోండి."

"కొత్త కొక్కెం వెయ్యండి మరి."

"అమ్మో, పాత నగ. కదిలించకూడదు."

పోస్ట్‌మ్యాన్ తాతగారి ఉంగరానికీ అదే తీర్పు.

"ఉంగరానికి కొక్కెమేంటి బాబాయ్?"

"అదేగా నా బాధ! అసలు పెట్టనే లేదు. జారిపోతే ఎవరిది పూచీ?"

ఇవన్నీ వింటుంటే పిన్నికి ఒళ్ళు మండేది. "ఊరి కొక్కేలన్నీ మీకే కావాలి. మా అమ్మ గొలుసు కొక్కెం మాత్రం బాగుచెయ్యరు!" అనేది.

"రేపు" అనేవాడు బాబాయి. ఆ రేపు ఎన్నేళ్ళకూ రాలేదు.

ఆ గొలుసు వల్లే పిన్నికీ, పక్క వీధిలో ఉండే చెల్లెలికీ మాటల్లేవు. వాళ్ళమ్మ పోతూపోతూ గొలుసు పెద్దదానికీ, గాజులు చిన్నదానికీ ఇచ్చింది. బరువైన నగ అక్కకు పోయిందని చెల్లెలు మూతి ముడుచుకుంది. చూసి చూసి పిన్నికి విసుగొచ్చింది. గొలుసు పోతే పోయింది, చెల్లెలు దక్కితే చాలనుకుంది. వదులు కొక్కెంతో ఇస్తే బాగుండదని, బాబాయి కునుకు తీసే వేళ చూసి ఎదురు కొట్టుకు వెళ్ళింది.

"కొక్కెం ఉక్కులా ఉందమ్మా" అన్నాడు ఎదురు కొట్టాయన. "గొలుసే ఇత్తడి. పైన పూత."

పిన్ని ఒక్క పరుగున ఇంటికొచ్చి బాబాయిని కుదిపి లేపింది. "ఏవండీ, ఇది ఇత్తడా?"

"ఎదురు కొట్టాయన చెప్పాడా? వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

"మీరెందుకు దాచారు?"

బాబాయి తల గోక్కున్నాడు. "అది వేసుకుని అద్దం ముందు నిలబడి, అచ్చం మా అమ్మలా ఉన్నానా అని అడిగేదానివి. ఉండేదానివి. మధ్యలో ఇత్తడి ఊసెందుకని..."

"అయితే టీచరమ్మది?"

బాబాయి ఫ్యాను వంక చూశాడు.

"పోస్ట్‌మ్యాన్ ఉంగరం?"

"దానికి కొక్కెం లేదుగా" అని గొణిగాడు.

కోప్పడాలో నవ్వాలో పిన్నికి తోచలేదు. అంతలో ఇంకో సంగతి తట్టింది. "ఇప్పుడు చెల్లెలు నేనే మార్చేశానంటుంది!" అయినా దాచడానికి మనసొప్పలేదు. గొలుసు పట్టుకుని బయల్దేరింది.

"ఇది నీకిచ్చేద్దామనుకున్నానే. తీరా చూస్తే ఇత్తడట" అంది గుమ్మంలోనే.

చెల్లెలు లోపలికి వెళ్ళి గాజులు తెచ్చింది. "వీటికి బావ ఏం చెప్పాడో తెలుసా? మర వదులట. ఇంట్లోనే ఉంచుకోమన్నాడు."

పిన్ని పకపకా నవ్వింది. సంగతి చెప్పగానే చెల్లెలు కూడా గుమ్మంలోనే కూలబడి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "ఇన్నాళ్ళూ ఇత్తడి కోసమా అక్కా మనం కొట్టుకుంది!"

సాయంత్రం అక్కాచెల్లెళ్ళిద్దరూ అమ్మ నగలు పెట్టుకుని, చేతులు పట్టుకుని బజారంతా తిరిగి కొట్టుకొచ్చారు. బాబాయి కంగారుపడ్డాడు.

"బజారుకి వేసుకురావద్దన్నానా? కొక్కెం వదులు!"

"ఊడితే చెల్లెలు పట్టుకుంటుంది లెండి" అంది పిన్ని.