పడుకున్నవాళ్ల మందు

పొందూరులో సన్న నూలు తీసే ఆడవాళ్లు చాలామందే ఉండేవారు గానీ, మా వీధివాళ్లం గొప్పగా చెప్పుకున్నది తవిటమ్మ నూలు గురించే. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకులు చుట్టుకుని, పొద్దున్నే రాట్నం ముందు కూర్చునేది. కుడిచెయ్యి చక్రం తిప్పుతుంటే, ఏకు పట్టుకున్న ఎడమచెయ్యి మెల్లగా వెనక్కి సాగేది. ఆ ఎడమచేతి వేళ్ల మీదే ఆ ఇల్లు నడిచేది.

ఎందుకంటే మొగుడు కూర్మయ్య అరవై ఆరులో మగ్గం గుంటలోనే కూలబడిపోయాడు. పక్షవాతం కుడివైపంతా పట్టేసింది. పావురాయి నెత్తురు రాశారు, తైలాలు మర్దనా చేశారు. ఊళ్లో పావురాళ్లు తగ్గాయి గానీ జబ్బు తగ్గలేదు. అప్పట్నుంచి తవిటమ్మ వడకడం, అతన్ని లేవదీయడం, కడగడం, ఇంత గంజి తాగించడం, మళ్లీ వడకడం. అలిసిపోయానని అనుకోవడానికైనా తీరిక లేదు ఆ మనిషికి. చూసే నాకే ఒళ్లు నొప్పులు పుట్టేవి.

అరవై ఎనిమిదిలో విశాఖపట్నం నుంచి చంద్రశేఖరం అనే డాక్టరు జీపులో వచ్చాడు. పక్షవాతం ఎవరికొస్తుందో, రాకముందే ఆపొచ్చో లేదో పరిశోధన చేస్తున్నాడట. ఇంటింటికీ తిరిగి, బాగున్నవాళ్ల జబ్బలకి పట్టీ చుట్టి రక్తపోటు చూశాడు. తవిటమ్మకి చూసి, నమ్మకం చాలక మళ్లీ చూశాడు.

"అమ్మా, నీకు రక్తపోటు బాగా ఎక్కువుంది. వదిలేస్తే నువ్వూ ఆయన్లాగే పడిపోతావు. ఎండుచేపలు, ఉప్పు తగ్గించు. రోజూ ఈ మాత్ర వేసుకో."

"నాకేటి రోగం బాబూ? తిరగతన్నాను, వండతన్నాను. రోగం ఆయనకి గదా, ఆయనకియ్యి."

"పడ్డవాళ్లని పెద్దాసుపత్రికి తీసుకురావాలమ్మా. ఇది పడకుండా ఆపే మందు. నీకే."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకి అలవాటే. కాలకముందే ఎవరైనా తెచ్చి ఆకులు చేతిలో పెడితే, వాటినేం చేసుకోవాలో తెలీదు. మా వైపు మందంటే మంచమెక్కినవాళ్లది. మొగుడు మంచాన పడి ఉండగా తిరుగుతున్న పెళ్లాం మాత్ర మింగితే నలుగురూ నవ్వరూ? తవిటమ్మ ఆ మాత్ర నలిపి కూర్మయ్య గంజిలో కలిపింది.

డాక్టరు మళ్లీ వచ్చి చూస్తే పోటు వీసమెత్తు తగ్గలేదు.

"మాత్ర వేసుకుంటున్నావా?"

"మింగతన్నాను బాబూ."

పాపం, ఆయన నమ్మాడు. రోజుకి రెండు చేశాడు. దాంతో కూర్మయ్య పగలంతా మగతగా పడి ఉండేవాడు. "ఆయనకి బాగా నిద్దర పడతన్నాది" అని తవిటమ్మ వీధిలో సంబరంగా చెప్పుకుంది. అదంతా పావురాయి మహిమేనని మేం తీర్మానించేశాం.

శ్రావణంలో ఓ పొద్దున ఏకు చేతిలోంచి జారిపోయింది. వంగి తీయబోతే ఎడమచెయ్యి కదల్లేదు. మూతి ఓ పక్కకి పోయింది. మేం పరుగెత్తి వెళ్లేసరికి రాట్నం పక్కనే ఒరిగిపోయి ఉంది.

ఆ వారంలోనే డాక్టరు వచ్చాడు. ఆవిణ్ణి చూసి గుమ్మంలోనే అరిచాడు. "రెండేసి మాత్రలిచ్చినా ఇలా ఎందుకయింది?"

మంచం మీంచి కూర్మయ్య ముద్దముద్దగా అన్నాడు. "మాత్రలు నాకే గదా బాబూ? రోజూ గంజిలో ఏస్తాది. ఒక్కరోజు మానలేదు."

డాక్టరు అరుగు మీద చతికిలబడ్డాడు. నాకైతే ఒళ్లు మండిపోయింది. ఆవిడ మీదో, నవ్వుతారని ఆవిడ భయపడిన మా నలుగురి మీదో. చివరికి ఆయన కొత్త మాత్రలు కూర్మయ్య చేతికిచ్చి, "ఇవి ఆవిడకే. వింటున్నావా? ఆవిడకే" అని చెప్పి వెళ్లాడు.

మర్నాడు నేను గంజి పట్టుకెళ్లేసరికి కూర్మయ్య దేక్కుంటూ ఆవిడ చాప దగ్గరికి చేరాడు. ఎడమచేత్తో పెట్టకూడదు గానీ, అతనికి మిగిలింది ఆ చెయ్యొక్కటే. మాత్ర ఆవిడ నోట్లో పెట్టాడు.

"ఒసే, ఇప్పుడు నువ్వూ పడిపోనావు గదా. మింగు."

తవిటమ్మ మింగలేదు. మాత్ర నాలుక మీదే ఉంచుకుని, వంకరపోయిన మూతితో అతికష్టం మీద అడిగింది.

"మరి నీకో, మావా?"