పుస్తెకి తగిలించిన పిన్నీసు

ఖోర్ ఫక్కాన్ బీచ్ ఇసుకలో నా పుస్తె పడిపోయింది సరే, దాన్ని సాయంత్రం దాకా దొరక్కుండా చేసింది కూడా నేనే. ఆ ముచ్చట వినండి.

సెలవుకి ఊరెళ్ళినప్పుడు గొలుసుకీ అత్తింటి పుస్తెకీ మధ్య రింగు తెగింది. ప్రయాణం హడావుడిలో దాని బదులు పెద్ద పిన్నీసు తగిలించుకుని దుబాయ్ వచ్చేశాను. తాళికి ఇనుము తగలకూడదని మా అత్తగారి పట్టింపు. అందుకే మావారిక్కూడా చెప్పలేదు.

ఒక శుక్రవారం సముద్రానికి వెళ్ళాం. భోజనాలయ్యాక మెడ తడుముకుంటే ఏముంది! పుట్టింటి పుస్తె ఉంది, అత్తింటిది లేదు.

మాతో వచ్చిన నెల్లూరు రహీం భాయ్‌ది భూమిలో పైపులు వెతికే ఉద్యోగం. వ్యాన్‌లోంచి మెటల్ డిటెక్టర్ తెచ్చాడు.

"ఇనుమైతే దీని గొంతు దిగిపోద్దక్కా. బంగారం, వెండి, రాగి అయితే పైకి లేస్తది."

బొంగురు గొంతు వస్తే వదిలేద్దామన్నారు మావారు. నేను బుద్ధిగా తలూపాను.

గొంతు లేచినచోటల్లా తవ్వారు. పెప్సీ డబ్బా రేకు, రాగితీగ, ఎవరిదో దిర్హమ్ బిళ్ళ. మా చాప పక్కన మాత్రం మిషను మూడుసార్లు మూలిగింది. మేకేదో అని ముందుకెళ్ళారు. నాకు అనుమానమే. చెబితే పిన్నీసు సంగతి అత్తగారి దాకా వెళ్తుంది. అమ్మవారికి మొక్కిన కొబ్బరికాయలు పదకొండు నుంచి నూటపదకొండుకి పెరిగాయి.

ఎండ కొండల వెనక్కి దిగింది. రహీం భాయ్ నడుం పట్టుకున్నాడు. ఇంక ఖలాస్, కొత్తది చేయిద్దాంలే అన్నారు మావారు. పెళ్ళినాటి పుస్తె! ఇక ఆగలేకపోయాను.

"ఆ మూలిగినచోట తవ్వండి. దానికి పిన్నీసు ఉంది."

ఇద్దరూ నావంక చూశారు.

"ఈ మాట మధ్యాహ్నమే చెప్పుంటే నా నడుం నాకుండేది కదక్కా!"

రెండు గుప్పిళ్ళ ఇసుక తీసేసరికి నోరు తెరిచిన పిన్నీసు, దాన్ని పట్టుకుని పుస్తె. ఇంత ఇనుము పక్కన అంత చిన్న బంగారం గొంతు వినపడలేదన్నమాట.

మావారు వాళ్ళమ్మకి రాసిన ఉత్తరంలో, మిషను బంగారాన్ని ఇట్టే పట్టేసిందని కోతలు కోశారు.

నెల తర్వాత అత్తయ్య జవాబు నా పేరనే వచ్చింది. "విమానం ఎక్కేరోజే ఆ పిన్నీసు చూశానమ్మా. బయల్దేరేముందు బాధపడతావని ఊరుకున్నాను. రింగు వేయించుకున్నావు కదా?"

లేదు. ఈసారి ఎందుకైనా మంచిదని రెండు పిన్నీసులు పెట్టుకున్నాను.