ఎత్తమంటారా అండీ

పెద్ద పంతులమ్మగారు పోయారన్న కబురు పాలు పోసే ఆవిడ తెచ్చింది. క్రితం సోమవారం పొద్దున, అమలాపురం ఆసుపత్రిలో పోయారట. మా మావగారు వీధి అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. విని, "అయ్యో పాపం, మంచావిడండీ" అన్నారు. పేజీ తిప్పారు. కాఫీలో పంచదార తక్కువైందని లోపలికి కబురు పంపారు.

మూడో రోజున తుఫాను షెల్టరులో సంతాపసభ పెట్టారు. అధ్యక్షులు మా మావగారే. మా ఊళ్ళో ఎక్కడ కుర్చీ వేసినా అందులో ఆయనే కూర్చోవాలి, అది సంతాపసభైనా పశువుల వైద్య శిబిరమైనా. తానూ పంతులమ్మగారూ కలిసి ఊరిని తుఫాను నుంచి కాపాడామని, ఆవిడకు తన సహాయ సహకారాలు ఎప్పుడూ ఉండేవని ముప్పావుగంట చెప్పారు. చివర్లో కండువాతో కళ్ళు కూడా ఒత్తుకున్నారు. పేట వాళ్ళు నేల మీద కూర్చుని విన్నారు. ఒక్కరూ నవ్వలేదు. అంత మర్యాదస్తులు వాళ్ళు. ఆడవాళ్ళ వరసలో ఉన్న నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను. ఇది అచ్చయ్యాక మా ఇంట్లో ఎంత గోల జరుగుతుందో నాకు తెలుసు. జరగనీ.

మాది అల్లవరం అవతల, సముద్రానికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఊరు. ఊరి చివర క్రైస్తవుల పేట, పేటలో మిషన్ స్కూలు, ఆ స్కూలుకి ఆవిడ హెడ్మిస్ట్రెస్. పొట్టి మనిషి. తెల్ల నూలు చీర, చేతిలో మగవాళ్ళ గొడుగు. గొంతు ఎప్పుడూ బొంగురే, దానికోసం దవడన ఒక కరక్కాయ ముక్క. ఎవరితో మాట్లాడబోయినా ముందు వాళ్ళని కాళ్ళ నుంచి తల దాకా ఓసారి చూసేవారు. ఇదేం చూపని నాకు చాలా రోజులు కోపంగా ఉండేది. మనిషి ఎంత బరువుంటారో అంచనా వేసుకునేవారని తర్వాత తెలిసింది.

దివిసీమ ఉప్పెన అప్పుడు ఆవిడ చర్చి వాళ్ళతో కలిసి సాయానికి వెళ్ళి పది రోజులు అక్కడే ఉన్నారు. ఏం చూశారో ఎవరికీ చెప్పలేదు. తిరిగొచ్చిన వారానికే పాత పరీక్ష పేపర్ల వెనక లిస్టు రాయడం మొదలుపెట్టారు. ఊళ్ళో నడవలేని ముసలివాళ్ళెవరు, మంచం పట్టినవాళ్ళెవరు, నెలలు నిండినవాళ్ళెవరు, వాళ్ళని ఎత్తుకెళ్ళడానికి ఎవరెవరు వస్తారు. పేట కుర్రాళ్ళు పాతికమంది దాకా వస్తామన్నారు. ఊళ్ళోంచి ఒక్కరూ రాలేదు. మోతపని మనకెందుకని వాళ్ళ ఉద్దేశం.

కొన్నేళ్ళకి, నేను కాపురానికొచ్చాక, ప్రభుత్వం వారు కూడా కదిలారు, వాళ్ళ పద్ధతిలో. తాసిల్దారుగారు వచ్చి తుఫాను రక్షణ కమిటీ వేశారు. అధ్యక్షులెవరో వేరే చెప్పక్కర్లేదు. ఆ కమిటీ ఒకే ఒక్కసారి, మా ఇంట్లో సమావేశమైంది. పెసరట్లు పోసింది నేనే. అల్లప్పచ్చడి బాగుందని అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకుని, ఫొటో దిగి వెళ్ళిపోయారు. కమిటీకి ఇచ్చిన టార్చిలైట్లు మా పశువుల పాకలోకి, గమ్‌బూట్లు మా పాలేరు కాళ్ళకి చేరాయి. తర్వాత కట్టిన షెల్టరులోకి మా ధాన్యం బస్తాలు చేరాయి.

వాటిని ఖాళీ చేయించమని అడగడానికి పంతులమ్మగారు తుఫానుల కాలం వచ్చే ముందు ఏటా వచ్చేవారు. ఏటా మావగారు "ఆయ్, తప్పకుండానండీ" అనేవారు. కాదనడం మా ఇంటి మర్యాద కాదు. చెయ్యడమూ మా ఇంటి అలవాటు కాదు. అలా రెండేళ్ళు చూసి, మూడో ఏడు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగారు వచ్చే రోజున ఆవిడ స్కూలు పిల్లలందరినీ షెల్టరుకి తోలుకొచ్చి, ఆ బస్తాల మీద కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించడం మొదలుపెట్టారు. సాయంత్రానికల్లా బస్తాలు కదిలాయి.

ఆవిడ తన మనుషులకి మోత నేర్పిన తీరు చూడాల్సిందే. రెండు పొడుగాటి బొంగుల మధ్య నులక అల్లించారు. దాని మీద ఇసక మూటలు పెట్టి, నాలుగు కొనలూ నలుగురు భుజాలకెత్తుకుని కాలవలో గుండెలోతు నీళ్ళలో నడవాలి. మూట తడవకూడదు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఇదే పని. గట్టు మీద నిలబడి ఊరంతా నవ్వేది. మా మేడ మీంచి నేనూ నవ్వాను. నవ్వలేదని ఇప్పుడు రాసుకోవచ్చు గానీ, అబద్ధాలకి మా ఇంట్లో ఒక మనిషి చాలు. గట్టు మీద ఎవరో ఆ నవ్వుల సంగతే ఎత్తితే, ఆవిడ కాలవలోంచే జవాబు చెప్పారు.

"నవ్వేవాళ్ళని కూడా మొయ్యాలి కదండీ. అందుకే బరువు చూసుకుంటన్నాం."

అన్నిటికన్నా ఊరు ఎక్కువగా నవ్వింది ఆవిడ పెట్టిన ఒక నియమానికి. ఏ ఇంటికి వెళ్ళినా మోసేవాళ్ళు గుమ్మం బయటే ఆగి, "ఎత్తమంటారా అండీ?" అని అడగాలి. ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు "ఎత్తండి" అని నోటితో అంటేనే లోపల అడుగుపెట్టాలి. తల ఊపితే చాలదు. ఇంట్లోకి నీళ్ళొచ్చేస్తుంటే ఈ పేరంటం పిలుపులేమిటని నేనే ఒకసారి ఆవిడతో అన్నాను, వేళాకోళంగా. ఆవిడకి కోపం రాలేదు. నన్ను మామూలుగా కాళ్ళ నుంచి తల దాకా చూశారు.

"అడక్కుండా ఎత్తేం అనుకోండమ్మా. దారిలో ఆ మనిషికేదైనా అయితే, చంపేసింది పేటోళ్ళే అంటారు. నా పిల్లల్ని నేను కాపాడుకోవాలి కదా."

కన్నపిల్లలు లేరు ఆవిడకి. ఆ పాతికమందినే పిల్లలనేవారు. ఆవిడ భయం దేనికో నాకు వెంటనే అర్థమైంది. అలా అనగలిగినవాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో కూడా అర్థమైంది.

మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట కూడా పోయింది. పంతులమ్మగారు ఆవిడ పేరు లిస్టులో రాసుకోవడానికి వచ్చి మా వాకిట్లో నిలబడ్డారు. అరుగెక్కమని ఎవరూ అనలేదు. మా ఇంటి ఆడవాళ్ళ పేర్లు ఊరి కాగితాల మీద ఎందుకని మావగారు నవ్వుతూ చెప్పి పంపేశారు. ఆవిడ గేటు దాటాక గొడుగు చంకన పెట్టుకుని పేరు రాసుకోవడం నేను కిటికీలోంచి చూశాను.

నాలుగేళ్ళ క్రితం కార్తీకంలో తుఫాను మా మీదకే వచ్చింది. రేడియో రెండు రోజులుగా చెబుతూనే ఉంది. ఆ పొద్దున తొమ్మిదింటికి మురుగుకాలవ వెనక్కి తన్నింది. పెరట్లోకి వచ్చిన నీళ్ళు ఉప్పగా ఉన్నాయని పాలేరు చెప్పి, తన ఇల్లు చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. మా ఆయన కాకినాడలో ఉన్నారు. ఊళ్ళో ఉన్నా ఒరిగేది లేదనుకోండి. మనది డాబా, మేడెక్కితే సరి అన్నారు మావగారు. మేడమెట్లు ఒక్క మనిషి పట్టేంత ఇరుకు. కింద మంచం మీద ఉన్న భారీ మనిషిని ఎలా ఎక్కించాలో మాత్రం చెప్పలేదు. మనవాళ్ళు వస్తారని అన్నారు. మనవాళ్ళంటే మన కులం వాళ్ళు. వాళ్ళలో ఒక్కడూ రాలేదు.

వచ్చింది పంతులమ్మగారు. ఆవిడ వెనక బొంగుల మంచంతో నలుగురు. వాకిట్లో తొడలోతు నీళ్ళలో ఆగి, నేర్పిన ప్రకారం, ముందు ఉన్నతను అడిగాడు.

"ఎత్తమంటారా అండీ?"

"అబ్బే, అవసరం లేదండీ" అన్నారు మావగారు, ఎప్పటి మర్యాదతోనే. "మనవాళ్ళొస్తన్నారు. మీరు తడిసిపోతన్నారు, వెళ్ళండి పంతులమ్మగారూ."

అతను మళ్ళీ అడిగాడు. ఈసారి మావగారికి మర్యాద కొంచెం కష్టమైంది.

"ఆచారం గల మనిషండీ ఆవిడ. పోయే కాలంలో ఆవిడకి ఇంత కష్టం పెట్టలేను."

కష్టమట. నీళ్ళలో మునిగి చావడం కష్టం కాదు, పేట మనిషి చెయ్యి తగలడం కష్టం. ఈ మాటన్న నోటితోనే మొన్న సంతాపం చెప్పారు.

పంతులమ్మగారు ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగారు.

"అమ్మాయిగారూ, మీరు చెప్పినా చాలు నాకు."

కాపురానికొచ్చి పదకొండేళ్ళైనా నేను మావగారి ఎదట గొంతెత్తిన దాన్ని కాదు. తల వంచుకుని నిలబడ్డాను. నీళ్ళు గదిలోకి వచ్చి మంచం కోళ్ళు సగం మునిగాయి. అత్తగారు నన్నే చూస్తున్నారు. బయట ఆ ఐదుగురూ గాలిలో ఊగిపోతూ, గడప దాటకుండా, నా నోటి వైపు చూస్తున్నారు. ఎంతసేపో చెప్పలేను. సిగ్గుపడాల్సినంతసేపు అలాగే ఉన్నాను. చివరికి "ఎత్తండి" అన్నాను.

మావగారు నన్ను ఒక చూపు చూసి, రేడియో చంకన పెట్టుకుని మేడెక్కారు.

ఆ మధ్యాహ్నానికి మా హాల్లో నీళ్ళు కిటికీల పైదాకా వచ్చాయి. అత్తగారి మంచం ఉన్న చోట ఆవిడ ఉంటే ఏమయ్యేదో లెక్క వెయ్యక్కర్లేదు. మర్నాడు మావగారు మేడ దిగి వచ్చి, దేవుడు కాపాడాడన్నారు. అత్తగారి మీద పసుపునీళ్ళు చల్లించారు. చల్లింది నేనే. ఆవిడ ఆ తర్వాత రెండేళ్ళు బతికారు. ఆ రెండేళ్ళలో ఒక్కరోజైనా పంతులమ్మగారిని అరుగెక్కి కూర్చోమని నేను పిలవలేదు. ఒక్క మాట అన్నాను కదా, నా వంతు అయిపోయిందనుకున్నాను. మావగారిని ఇంతసేపు తిట్టాను గానీ, నన్ను తిట్టేవాళ్ళు ఎవరూ లేరు. అందుకని ఆ రోజు షెల్టరు దగ్గర జరిగింది కూడా రాస్తాను.

మంచం వెనకే నేనూ నీళ్ళలో నడిచాను. దారంతా అత్తగారి ఎడమచెయ్యి ముందు కొన పట్టినతని జుట్టులో ఉంది. అతను మా తోటలో కొబ్బరి దింపు తీసే మనిషి. మంచం పట్టక ముందు, అతను దాహమంటే అత్తగారు చెంబు పైకెత్తి, తగలకుండా, అతని దోసిట్లోకి నీళ్ళు పోసేవారు. షెల్టరు మీదకి చేర్చి, ఆవిడని చాప మీదకి దించాక కూడా ఆ చెయ్యి వదల్లేదు. అతను ఆవిడ పక్కన వంగిపోయి ఉన్నాడు.

"లిస్టులో ఇంకా ముగ్గురున్నారు, పదండి" అన్నారు పంతులమ్మగారు.

"పెద్దమ్మగారు వదలటం లేదండీ" అన్నాడతను.

ఆవిడ చూశారు.

"అయితే నువ్వుండు. భయపడతన్నారు ఆవిడ."

బొంగుల మంచానికి నాలుగో మనిషి కావాలి. షెల్టరు మీద అప్పటికే ఊరి మగవాళ్ళు ఇరవైమంది దాకా ఉన్నారు, గొంగళ్ళు కప్పుకుని. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు ముప్పై ఏళ్ళు, ఏ రోగమూ లేదు. నేను చీర కొంగు పిండుకుంటున్నాను. పంతులమ్మగారు రిటైరు కావడానికి కొన్ని నెలలే ఉన్నాయి.

ఎవరినీ అడగలేదు ఆవిడ. గొడుగు గోడకి ఆనించి, చీర బిగించి, ఖాళీగా ఉన్న కొన తన భుజానికెత్తుకున్నారు. పొట్టి మనిషి కావడంతో మంచం ఆవిడ వైపుకి ఒరిగిపోయింది. అది చూసి మిగతా ముగ్గురూ మోకాళ్ళు కాస్త వంచి, ఆవిడ ఎత్తుకి దిగి, అలాగే వంగి నడుస్తూ మెట్లు దిగి నీళ్ళలోకి వెళ్ళారు.