గత నాలుగు వారాల్లో గ్లెనిస్

గ్లెనిస్‌తో మాట్లాడాలంటే గత నాలుగు వారాలూ గుర్తుండాలి. ఏ మాటైనా ఆవిడ అక్కణ్ణుంచే మొదలుపెట్టి అంకెతో ముగిస్తుంది. బన్‌బరీ ఊళ్ళో మా ఆడవాళ్ళ క్లినిక్‌లో ఆవిడ నర్సు, నేను రిసెప్షన్‌లో గుమాస్తాని. కోరిక తగ్గిందని వచ్చేవాళ్ళ చేత ప్రశ్నల ఫారం నింపించడం ఆవిడ పని. "గత నాలుగు వారాల్లో మీకు కోరిక ఎంత తరచుగా కలిగింది?" దాదాపు ఎప్పుడూ లేదంటే ఒకటి, ఎప్పుడూ ఉందంటే ఐదు. ఏళ్ళ తరబడి అడిగీ అడిగీ ఆ ఫారం ఆవిడ నాలుకకి అతుక్కుపోయింది.

వీధి చివర మాంసం కూరి కాల్చిన మీట్‌పైలు అమ్మే ఈవాన్‌నీ వదల్లేదు.

"గత నాలుగు వారాల్లో నీ పైలలో మాంసం ఎంత తరచుగా కనిపించింది?"

"మీరే చెప్పండి తల్లీ."

"రెండు," అని చిన్న పుస్తకంలో రాసుకుంది. పాపం అతను భయపడి మాంసం పెంచాడు. కనీసం మూడున్నర వెయ్యమని బతిమాలాడు. సగాలు ఇవ్వనంది.

నాకైతే రోజూ పొద్దున్నే పరీక్ష. గిన్నెలు కడిగిన నీళ్ళలాంటి టీ తెచ్చి, "గత నాలుగు వారాల్లో ఇది తాగాలని ఎంత తరచుగా అనిపించింది?" అనేది. మొహమాటానికి నాలుగన్నాను. "అబద్ధం," అని కప్పు పట్టుకుని కదలకుండా నిలబడింది. ఫోను మోగుతోంది, జనం చూస్తున్నారు. విసుగొచ్చి "ఒకటి" అన్నాను. "శభాష్," అని రాసుకుని మర్నాడు అదే టీ తెచ్చింది. ఆర్నెల్లు ఇదే తంతు.

ఆ ఆర్నెల్లూ నా ప్రాణం నా దగ్గర లేదు. మా ఆయన లాక్లన్‌ది ఇనుప గనుల్లో ఉద్యోగం, విమానంలో రాకపోకలు, రెండు వారాలు అక్కడ, ఒక వారం ఇంట్లో. వస్తున్నాడంటే గుండెల్లో గుబులు. అతనంటే ప్రేమ అలాగే ఉంది, కోరికే ఎటు పోయిందో తెలీదు. ఆ సంగతి చెప్తే నన్ను వదిలేసి వెళ్ళిపోతాడేమోనని భయం.

అతను రేపు దిగుతాడనగా ఒక బుధవారం, ఫారం బల్ల కింద పెట్టుకుని దొంగచాటుగా నింపాను. కూడితే ఉండాల్సిన మార్కు కంటే బాగా కిందికి వచ్చింది. అప్పుడే టీ కప్పుతో గ్లెనిస్ ప్రత్యక్షం.

"గత నాలుగు వారాల్లో టీ?"

"ఒకటి."

"మీట్‌పై?"

"మూడు."

"లాక్లన్?"

"ఒకటి," అనేశాను. అన్నాక ఏడుపొచ్చింది.

ఆవిడ ఫారం లాక్కుని చూసింది. "ఇక్కడ వరసగా సున్నాలేంటి?"

"కలయిక జరగకపోతే సున్నా పెట్టమనుంది. ఏమీ జరగలేదు కదండీ."

"నాలుగు వారాల్లో మూడు మనిషి గనిలోనే ఉంటే ఎలా జరుగుతుంది? గనివాళ్ళ పెళ్ళాలందరూ ఇలాగే పెట్టి మొత్తం పడగొట్టుకుంటారు. ఈ సున్నాలు విమానాల టైమువి, నీవి కావు. ఆ ఒకటి మాత్రం నీదే."

"జబ్బేనంటారా?"

"ఒక్క ఫారం చూసి ఆ మాట చెప్పలేం అమ్మాయ్, దానికి డాక్టరుంది. ముందు దీని వెంట ఇచ్చే రెండో ఫారంలో ప్రశ్నకి జవాబు చెప్పు. దీనివల్ల నీకు బాధగా ఉందా?"

"ఆయన బాధపడతాడని బాధ."

"అతన్ని అడిగావా?"

"ఎలా అడగను?"

"టీతో మొదలుపెట్టు. ప్రతి మూడో బుధవారం నీ మొహం పాలిపోతుంటే ఆర్నెల్లుగా ఈ దిక్కుమాలిన టీ ఎందుకు మోస్తున్నాననుకున్నావు? ఒకటి అని పైకి అనడానికి ఎవరికైనా సాధన కావాలి. నేనసలు కాఫీ మనిషిని."

గురువారం సాయంత్రం భోజనాల దగ్గర సాసేజీలు వడ్డించి ఎదురుగా కూర్చున్నాను. టీతోనే మొదలుపెట్టాను.

"గత నాలుగు వారాల్లో నా టీ?"

లాక్లన్ నవ్వాడు. "నాలుగు."

"ఈ సాసేజీలు?"

"ఐదు."

"నన్ను... దగ్గరికి తీసుకోవాలని?"

అతను ఫోర్కు కింద పెట్టాడు.

"రెండు," అన్నాడు. "విమానం దిగితే నిద్ర తప్ప ఇంకేదీ తోచట్లేదు, టెగన్. నువ్వేమనుకుంటావోనని చచ్చిపోతున్నాను."

"నాది ఒకటే," అన్నాను. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, నవ్వాపుకోలేక సాసేజీలు చల్లారబెట్టుకున్నాం. డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్దామన్నాడు.

శుక్రవారం ఇదంతా చెబితే గ్లెనిస్ శ్రద్ధగా పుస్తకంలో రాసుకుంది. రెండు, ఒకటి. ఆ తర్వాత పెన్సిల్ ఆపి నావైపు అనుమానంగా చూసింది.

"నీ టీకి నాలుగా? అబద్ధం. అతన్ని ఒకసారి నా దగ్గరికి పంపు."