తొమ్మిదో పేజీలో నేను చెప్పని తప్పు

పోయిన మంగళవారం పొద్దున మా లెక్కల సార్ పోయారు. షాదీపూర్‌లో వాళ్ళింటి నుంచి ఆయన భార్య ఫోన్ చేసి, "సార్ లేరమ్మా. చాయ్ తాగి పడుకున్నారు, మరి లేవలేదు" అంది. మీరేమనుకున్నా సరే, నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. సార్ పేరుతో, నా పేరుతో పత్రికకు వెళ్ళాల్సిన వ్యాసంలో ఒక తప్పుంది. అది నాకు నెల కిందటే తెలుసు. ఆయనకు చెప్పలేదు.

విశ్వం పుట్టిన తొలి క్షణాల్లో దాని వక్రత, అంటే వంపు, ఒక్కసారిగా ఎగిరిపడే చోటు గురించి మా పని. అక్కడ మామూలు ఫంక్షన్లు చేతులెత్తేస్తాయి, సాధారణీకృత ఫంక్షన్లు కావాలి. "ఆ బిందువు దగ్గర నీ విలువెంత అని దాన్ని అడక్కు. పక్కన ఒక నెమ్మదైన ఫంక్షన్ని కూర్చోబెట్టి, దాన్నేం చేస్తాదో చూడు" అనేవారు సార్. అలాంటి రెండింటిని ఒకదానితో ఒకటి గుణించకూడదని మొదటి రోజే చెప్పారు. తొమ్మిదో పేజీలో నేను చేసింది సరిగ్గా అదే. ఆ ఎగిరిపడే చోటనే వక్రతను వర్గం చేసేశాను.

చేపల వేటకెళ్ళే ఇంట్లో పుట్టిన నన్ను పిలిచి, ఇవన్నీ ఊరికే నేర్పిన మనిషి ఆయన. బోర్డు మీద కాలం సున్నా దగ్గరికి రాగానే సుద్దముక్క కింద పెట్టి, చేతులు తుడుచుకునేవారు.

ఆయన దగ్గర కాగితం చూపిస్తే చెల్లదు. చాతం రేవులో బాంబూఫ్లాట్ వెళ్ళే ఫెర్రీ ఎక్కించి, దిగేలోపు నిరూపణంతా నోటితో చెప్పమనేవారు. తడబడితే, "డర్ లగా క్యా, భయమేసిందా? అయితే ఆ లైన్ మళ్ళీ చెప్పు" అనేవారు. కోప్పడేవారు కాదు, నాకు అదే ఇంకా హడలు. చివరిసారి తొమ్మిదో పేజీని గబగబా దాటించేశాను. ఆయన నీళ్ళవైపు చూస్తున్నారు, ఆ లైన్ మళ్ళీ చెప్పమనలేదు. బతికిపోయాననుకున్నాను.

మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో రెండు కుర్చీలున్నాయి.

"అమ్మాయి ఏదో చెప్పడానికొస్తాది, ఆ కుర్చీ తియ్యకు అనీవోరు" అంది ఆవిడ. "మీరే అడగొచ్చు కదా అన్నాను. అడిగితే జడిసి, చదువే మానేస్తాదేమో అన్నారు. ఆయనకీ డరే అమ్మా."

ఆ కుర్చీలో కూర్చుని, ఆయన కుర్చీకి నిరూపణ మొదటినుంచీ చెప్పాను. తొమ్మిదో పేజీకి వచ్చి, "ఇక్కడ తప్పు చేశాను సార్" అని ఆగిపోయాను. దాన్ని దిద్దడం నాకు రాదు. దిద్దడం వచ్చిన మనిషి లేరు.

ఒక్క ముక్కా అర్థంకాని ఆవిడ, తడి చేత్తో గుమ్మం పట్టుకుని నిలబడి, "ఊఁ, తర్వాత?" అంది.